కంప్యూటర్‌కి బ్లూ-రే డ్రైవ్: రాసుకోవడానికి భేష్, సినిమా చూడటానికి తలనొప్పి

ఎల్‌జీ డబ్ల్యూహెచ్16ఎన్ఎస్40. పేరు నోరు తిరగదు గానీ, డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో బిగించుకునే బ్లూ-రే (డీవీడీ తర్వాతి తరం డిస్కు) రైటర్లలో బాగా నలిగిన మోడల్ ఇది. ఇంటి కంప్యూటర్‌కి ఇప్పుడు కూడా డిస్కు డ్రైవ్ కావాలా, డౌన్‌లోడ్‌లూ స్ట్రీమింగూ చాలవా అని అడిగేవాళ్లకి ఈ డ్రైవ్‌ని ముందు పెట్టుకుని జవాబు చెప్పడం తేలిక. మా తీర్పు ముందే చెప్పేస్తాం. సొంత వీడియోలు, ఫోటోలు రాసి దాచుకోవడానికి ఈ డ్రైవ్ మంచిది. కొన్న సినిమా డిస్కు చూడటానికైతే ప్రపంచంలో అన్నిటికన్నా చిరాకు పెట్టే ప్లేయర్ మీ కంప్యూటరే. తప్పు డిస్కుదీ కాదు, డ్రైవ్‌దీ కాదు. మధ్యలో ఉన్న కాపీ రక్షణ తాళాలది.

ముందు బిగింపు. ఇది 5.25 అంగుళాల డ్రైవ్. మదర్‌బోర్డుకి కలిపే సాటా డేటా కేబుల్ ఒకటి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని పవర్ సప్లై) నుంచి సాటా పవర్ కేబుల్ ఒకటి, పక్కలకి నాలుగు స్క్రూలు. అంతే. చిక్కల్లా చోటు దగ్గరే. ఈమధ్య వస్తున్న గాజు ముఖం క్యాబినెట్లలో చాలావాటికి 5.25 బే, అంటే ఈ డ్రైవ్ పట్టే అర, ఉండదు. కొనే ముందు క్యాబినెట్ ముందుభాగం ఊడదీసి చూడండి. బే ఉన్నా ఇంకో మెలిక ఉంది. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు మూతపడతాయి. డ్రైవ్‌కి కరెంటు అందుతుంది, ట్రే బయటికి వస్తుంది, విండోస్‌లో మాత్రం కనపడదు. డ్రైవ్ చచ్చిపోయిందని వెనక్కి పంపేవాళ్లున్నారు. మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఏ ఎం.2 స్లాట్ ఏ సాటా పోర్టుని మింగుతుందో పట్టిక ఉంటుంది. కేబుల్ వేరే పోర్టుకి మార్చితే చాలు.

బే లేనివాళ్లు యూఎస్‌బీ అడాప్టర్‌తో బయట పెట్టి వాడదామనుకుంటారు. వాడొచ్చు గానీ, 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌కి వాడే సన్న కేబుల్ పనికిరాదు. అది 5 వోల్టులే ఇస్తుంది, ఈ డ్రైవ్ మోటారుకి 12 వోల్టులు కూడా కావాలి. విడిగా పవర్ అడాప్టర్ ఉన్న రకమే కొనాలి. ల్యాప్‌టాప్ వాళ్లకి పల్చటి యూఎస్‌బీ బ్లూ-రే రైటర్లున్నాయి. వాటి రోగం వేరు. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపులు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపులు ఇవ్వాలని లెక్క. డిస్కు తిరగడం మొదలైన క్షణంలో, రాసేటప్పుడు డ్రైవ్ అంతకన్నా ఎక్కువే లాగొచ్చు. అప్పుడు డిస్కు కాస్త తిరిగి ఆగడం, టిక్ టిక్‌మని శబ్దం రావడం, సగంలో రాత ఆగిపోవడం మొదలవుతాయి. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పోర్టుకి పెట్టండి. డెస్క్‌టాప్‌కైతే వెనకవైపు పోర్టు వాడండి. రెండు ప్లగ్గులున్న వై కేబుల్ వస్తే రెండూ పెట్టండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. తొంభై పాళ్లు ఇక్కడే తీరిపోతుంది.

ఇక రాత సంగతి. ఈ డ్రైవ్‌కి అసలు విలువ ఇక్కడుంది.

ఒక పొర బ్లూ-రే డిస్కులో 25 జీబీ, రెండు పొరలైతే 50 జీబీ. విండోస్‌లో 25 జీబీ డిస్కు 23.3 అని కనపడుతుంది. మోసం కాదు, వెయ్యితో లెక్కించడానికీ 1024తో లెక్కించడానికీ ఉన్న తేడా. డబ్బా మీద 16ఎక్స్ అని రాసుంటుంది. బ్లూ-రేలో 1ఎక్స్ అంటే సెకనుకి 4.5 ఎంబీ, కాబట్టి 16ఎక్స్ అంటే 72 ఎంబీ. ఆ వేగం డిస్కు అంచు దగ్గరే, అదీ డిస్కు అంత వేగానికి తయారైనదైతేనే. బజారులో దొరికే ఖాళీ డిస్కులు ఎక్కువగా 4ఎక్స్, 6ఎక్స్. నాలుగెక్స్‌లో 25 జీబీ రాయడానికి 23 నిమిషాలు, ఆరెక్స్‌లో పావుగంట. రాశాక వెరిఫై పెట్టండి, అంటే రాసింది సరిగా పడిందో లేదో మళ్లీ చదివి చూడటం, దానికి విడిగా సమయం పడుతుంది. దాచుకునే డిస్కుకి వెరిఫై ఎగ్గొట్టడం లాటరీ టిక్కెట్టు కొనడమే. వేగం సగానికి సగం పడిపోతే డ్రైవ్ మీద అనుమానపడకండి. డిస్కుని స్పేర్ ఏరియాతో (పాడైన చోట్లకి బదులుగా పక్కన పెట్టే జాగా) ఫార్మాట్ చేస్తే డ్రైవ్ రాసిన ప్రతి ముక్కనీ వెంటనే చదివి సరిచూస్తుంది, అందుకే నెమ్మదిస్తుంది. రాసే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫార్మాట్ ఎంపిక తీసేస్తే మామూలు వేగం వస్తుంది, కాస్త చోటూ మిగులుతుంది.

ఖాళీ డిస్కు కొనేటప్పుడు డబ్బా మీద ఎల్‌టీహెచ్ అన్న మూడక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే వదిలేయండి. అవి సీడీ, డీవీడీల్లాగా సేంద్రియ రంగు పూతతో చేసినవి. వెలుతురుకీ వేడికీ తొందరగా పాడవుతాయి. అక్కడ ఎల్‌టీహెచ్ అని లేని మామూలు బ్లూ-రే రికార్డబుల్ డిస్కుల్లో లోహ మిశ్రమాల పొర ఉంటుంది, నిలుస్తుంది. ఇంకా గట్టివి కావాలంటే ఎం-డిస్క్‌లు ఉన్నాయి, ఈ డ్రైవ్ వాటి మీద రాస్తుంది. సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. వెర్బాటిమ్ లాంటివి ఇంకా వస్తున్నాయి గానీ ఊళ్లో కంప్యూటర్ షాపులో అడిగితే డీవీడీలు చూపిస్తారు. ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి.

ఎవరికి పనికొస్తుందంటే, పెళ్లి వీడియో ఉన్న ప్రతి ఇంటికీ. ఇప్పుడు స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో ఇస్తున్నారు. పెన్‌డ్రైవ్ బీరువాలో నాలుగైదేళ్లు కరెంటు మొహం చూడకుండా పడుంటే దానిలోని డేటాకి హామీ లేదు. హార్డ్‌డిస్క్ ఒక్కసారి చేయిజారితే చాలు. సెకనుకి 25 మెగాబిట్ల చొప్పున ఎడిట్ చేసిన మూడు గంటల వీడియో సుమారు 34 జీబీ అవుతుంది. 25 జీబీ డిస్కులో పట్టదు, 50 జీబీ డిస్కు కావాలి. ఎడిట్ చెయ్యని కెమెరా ఫైళ్ల జోలికి మాత్రం పోకండి. 100 మెగాబిట్ల 4కె ఫుటేజీ గంటకి 45 జీబీ. రెండు రోజుల పెళ్లికి డిస్కుల దొంతర తయారవుతుంది. వాటికి రెండు హార్డ్‌డిస్కులు మేలు. డిస్కు మీదికి మామూలు ఎంపీ4 ఫైళ్లుగానే రాసుకోండి. మెనూలు, పాటలు, హంగులతో బ్లూ-రే మూవీ రూపంలో కట్టించుకుంటే పదేళ్ల తర్వాత దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి. ఎంపీ4 అయితే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఏ తాళమూ అడగకుండా తెరుచుకుంటుంది. రెండు కాపీలు రాసి ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తగారింట్లో పెడితే ఇంకా మంచిది.

డిస్కు మీద కాగితం లేబుల్ అంటించొద్దు. బరువు ఒక పక్కకి ఒరిగి, వేగంగా తిరిగేటప్పుడు వణుకుతుంది. డీవీడీలో డేటా పొర 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరే. పైన గట్టి పూత ఉంటుంది కాబట్టి చిన్న గీతలు తట్టుకుంటుంది. వేలిముద్ర, జిడ్డు తట్టుకోదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు.

ఇప్పుడు సినిమా. కొన్న బ్లూ-రే సినిమా ట్రేలో పెట్టి తోశారనుకోండి. విండోస్‌లో ఏమీ జరగదు. విండోస్‌కి పుట్టుకతో బ్లూ-రే ఆడించడం ఎప్పుడూ రాలేదు. విండోస్ 8 నుంచి డీవీడీ కూడా ఆడించడం మానేసింది. మ్యాక్‌లో సంగతి ఇంకా తేలిక, అసలు లేదు. 2008 అక్టోబరులోనే స్టీవ్ జాబ్స్ బ్లూ-రే లైసెన్సుల గందరగోళాన్ని బాహాటంగా తిట్టాడు. ఆపిల్ ఆ తర్వాత ఏ మ్యాక్‌లోనూ ఆ డ్రైవ్ పెట్టలేదు. లైనక్స్‌లో లైసెన్సు ఉన్న ప్లేయర్ లేదు. కాబట్టి విండోస్‌లో సైబర్‌లింక్ పవర్‌డీవీడీ లాంటి ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కొనాలి. అందులోనూ తక్కువ ధర స్టాండర్డ్ ఎడిషన్‌కి బ్లూ-రే రాదు, దాని పై ఎడిషన్ కావాలి. దాని లైసెన్సు ఒక్కోసారి డ్రైవ్ కంటే ఖరీదు. డ్రైవ్ డబ్బాలో సాఫ్ట్‌వేర్ ఉచితం అని అమ్మేవాళ్లు చెప్తారు. డబ్బా లేని బల్క్ ప్యాక్‌లో సాఫ్ట్‌వేర్ డిస్కే ఉండదు. ఉన్నదాంట్లో కూడా కోత వేసిన ఎడిషన్ రావొచ్చు.

కొన్నాక మొదలవుతుంది అసలు కథ. గర్భగుడి దాకా ద్వారానికో తాళం వేసినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. డిస్కు మీద డేటాకి ఏఏసీఎస్ అనే తాళం. ఆ తాళంచెవి ప్లేయర్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంటుంది, దానికి గడువుంటుంది. ఎవరైనా ఆ చెవి బయటపెడితే, కొత్తగా వచ్చే డిస్కులు దాన్ని రద్దు చేస్తాయి. అందుకే నిరుడు బాగా నడిచిన పవర్‌డీవీడీ ఈ ఏడాది వచ్చిన డిస్కుని అప్‌డేట్ చేస్తేగానీ తెరవనంటుంది. పాత వెర్షన్‌కి అప్‌డేట్లు ఆగిపోతే మళ్లీ డబ్బు. తర్వాతి తాళం హెచ్‌డీసీపీ, తెరకి వెళ్లే దారిలో బొమ్మని కాపీ కొట్టకుండా పెట్టింది. గ్రాఫిక్స్ కార్డు నుంచి తెర దాకా దారంతా దీన్ని ఒప్పుకోవాలి. వీజీఏ కేబుల్ కుదరదు. పాత ప్రొజెక్టర్, మధ్యలో చవక హెచ్‌డీఎంఐ స్ప్లిటర్, వీడియో క్యాప్చర్ కార్డు, వెనకాల నడుస్తున్న స్క్రీన్ రికార్డర్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నల్ల తెర లేదా ఎర్రర్ మెసేజ్. రెండు తెరలకి ఒకే బొమ్మ పంపుతున్నా అలిగే సందర్భాలున్నాయి. ముందు రెండో తెర తీసేసి చూడండి, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చెయ్యండి, ఆ తర్వాతే కేబుల్ మార్చండి.

మూడోది రీజియన్. బ్లూ-రేలో మన దేశం సీ రీజియన్. అమెరికా, జపాన్ ఏ రీజియన్, యూరప్ బీ. తెలుగు సినిమాలకి జపాన్‌లో అభిమానులు పెరిగాక అక్కడ చక్కటి డిస్కులు వస్తున్నాయి. తెప్పించుకోబోయే ముందు రీజియన్ గుర్తు చూడండి. ఏ అని ఉంటే సీకి పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఆడదు. సాఫ్ట్‌వేర్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. ఐదోసారి ఎక్కడ ఆగితే అక్కడే. కొన్ని డిస్కులకి రీజియన్ తాళం అసలు ఉండదు. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ అన్నదే లేదు.

లేదనగానే సంబరపడకండి. 4కె డిస్కుని కంప్యూటర్‌లో అధికారికంగా ఆడించడం దాదాపు చచ్చిపోయిన వ్యవహారం. డబ్ల్యూహెచ్16ఎన్ఎస్40 దానికి ఉద్దేశించిన డ్రైవే కాదు. ఉద్దేశించిన డ్రైవ్ కొన్నా, ప్రాసెసర్‌లో ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే భద్రతా అర ఉండాలి. 4కె డిస్కుకి పనికొచ్చేవి 7వ తరం నుంచి 10వ తరం దాకా ఉన్న చిప్పులే. 11వ తరం డెస్క్‌టాప్ చిప్పుల నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. ఏఎండీలో ఎప్పుడూ లేదు. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నా పనికిరాదు, మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ నుంచే బొమ్మ రావాలి, దానికి హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి. అంటే కంప్యూటర్ కొత్తదయ్యేకొద్దీ 4కె డిస్కు ఆడే అవకాశం తగ్గుతుంది. ఇంతకన్నా తలకిందుల వ్యవహారం కంప్యూటర్ చరిత్రలో తక్కువే. సినిమాని హార్డ్‌డిస్క్‌లోకి లాక్కునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. తాళం పగలగొట్టడం గురించి 2012లో మన కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ కూడా ఉంది. చదువుకుని మీరే నిర్ణయించుకోండి.

అన్ని తాళాలూ తెరుచుకున్నాక బొమ్మ ఎలా ఉంటుంది? నిజంగా బాగుంటుంది. బ్లూ-రేలో వీడియోకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా అనుమతి ఉంది. 1080పీ స్ట్రీమ్ సాధారణంగా 5 మెగాబిట్ల దరిదాపుల్లో నడుస్తుంది. పగటి సీన్లలో, మాటల సీన్లలో తేడా పట్టుకోలేరు. వాన, పొగ, దుమ్ము, వేలమంది జనం, చీకట్లో దీపం, ఇలాంటి చోట స్ట్రీమ్ బొమ్మ గడులు గడులుగా విడిపోతుంది, చీకటిలో మెట్లు మెట్లుగా చారలు కనపడతాయి. డిస్కులో అవి ఉండవు. అయితే బిట్ల లెక్కని నేరుగా పోల్చకూడదు. హెచ్‌ఈవీసీ, ఏవీ1 లాంటి కొత్త వీడియో కుదింపు పద్ధతులు తక్కువ బిట్లతో ఎక్కువ పని చేస్తాయి. 15 మెగాబిట్ల 4కె స్ట్రీమ్, పాత 1080పీ డిస్కు కంటే చాలా సీన్లలో పదునుగానే ఉంటుంది.

చెవికి తెలిసే తేడా కంటికి తెలిసేదానికన్నా పెద్దది. డిస్కులో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ట్రాకులు ఏ నష్టం లేకుండా వస్తాయి. స్ట్రీమ్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్, అదీ కుదించినది. 24 అంగుళాల మానిటర్, రెండు చిన్న స్పీకర్లు ఉన్నవాళ్లకి ఈ పేరా మొత్తం అనవసరం. 55 అంగుళాల టీవీ, ఏవీ రిసీవర్, 5.1 స్పీకర్లు ఉన్నవాళ్లకే డిస్కు ఖర్చు గిట్టుతుంది.

ఒక సెట్టింగ్ మాత్రం అందరూ మర్చిపోతారు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, కచ్చితంగా అయితే 23.976. కంప్యూటర్ తెర 60 హెర్ట్జ్. ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు చూపించాల్సి వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో బొమ్మ గతుకుల రోడ్డు మీద బండిలా అదురుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ 23.976 పెట్టండి. టీవీలు ఎక్కువగా ఒప్పుకుంటాయి, మానిటర్లు తక్కువ. సినిమా అయ్యాక మళ్లీ 60కి మార్చకపోతే మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది.

మరి డౌన్‌లోడ్? వేగంలో, సుఖంలో దానికి తిరుగులేదు. 5 జీబీ సినిమా 100 మెగాబిట్ల ఫైబర్‌లో ఏడు నిమిషాల్లోపు దిగుతుంది. నెలకి 3300 జీబీ పరిమితి ఉన్న కనెక్షన్‌లో, గంటకి 7 జీబీ తినే 4కె స్ట్రీమ్ కూడా నాలుగు వందల గంటలు దాటి చూడొచ్చు. డేటా కాదు సమస్య. సమస్య ఏమిటంటే చట్టబద్ధంగా 40 జీబీ నాణ్యతతో సినిమా ఫైలు అమ్మే పెద్ద దుకాణం లేదు. ఉన్న దుకాణాలూ కంప్యూటర్‌ని పట్టించుకోవడం మానేస్తున్నాయి. నెట్‌ఫ్లిక్స్ 2024లో విండోస్ యాప్‌ని మార్చినప్పుడు డౌన్‌లోడ్ సదుపాయాన్నే పీకేసింది. రైల్లో చూసుకుందామని ల్యాప్‌టాప్‌లో దించుకునేవాళ్లకి ఫోనో ట్యాబ్లెట్టో గతి. మైక్రోసాఫ్ట్ 2025 జులైలో సినిమాలు, టీవీ షోలు అమ్మడం ఆపేసింది. అంతకుముందు కొన్నవాటిని ప్రస్తుతానికి చూసుకోవచ్చు. కొన్నది మనదేనా అన్న అనుమానం ఎందుకంటే, 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ వాడకందార్లు డబ్బు పెట్టి కొన్న డిస్కవరీ కార్యక్రమాలని ఏడాది చివరికల్లా తీసేస్తామని సోనీ ప్రకటించింది. గొడవయ్యాక కొత్త ఒప్పందం కుదిరి వెనక్కి తగ్గింది. 2025 నుంచి కాలిఫోర్నియాలో మీరు కొంటున్నది లైసెన్సు మాత్రమే అని దుకాణం ముందే చెప్పాలని చట్టం వచ్చింది. మన దగ్గర అలాంటి నోటీసు కోసం చూడకండి, అది ఉందనుకునే కొనండి.

కంప్యూటర్‌లో స్ట్రీమింగ్‌కీ తాళాలున్నాయి, కాకపోతే అవి కనపడవు. ఎర్రర్ రాదు, బొమ్మ మెల్లగా మసకబారుతుంది, అంతే. 4కె ప్లాన్‌కి డబ్బు కట్టి బ్రౌజర్‌లో తక్కువ నాణ్యత చూస్తున్నవాళ్లు చాలామంది. నెట్‌ఫ్లిక్స్ 4కె విండోస్‌లో రావాలంటే ఎడ్జ్ బ్రౌజర్ గానీ వాళ్ల యాప్ గానీ ఉండాలి, తెరకి హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ ఉండాలి. రెండు మానిటర్లుంటే రెండూ ఒప్పుకోవాలి. పక్కన పాత మానిటర్ ఉంటే దాని కేబుల్ తీసి చూడండి, తేడా తెలుస్తుంది.

అందుకే సినిమాల కోసమే అయితే ఈ డ్రైవ్, పవర్‌డీవీడీ కలిపి కొనొద్దు. ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి టీవీకి పెట్టుకునే విడి బ్లూ-రే ప్లేయర్ కొనండి. ఎల్‌జీ ఆ తయారీ నుంచి 2024 చివర్లో తప్పుకుంది గానీ సోనీ, పానాసోనిక్ ఉన్నాయి. దానికి ఎస్‌జీఎక్స్ అక్కర్లేదు, రిఫ్రెష్ రేట్ అదే మార్చుకుంటుంది, ఎప్పుడో ఒకసారి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే చాలు. కొత్త తెలుగు సినిమాలు చూడటమే పనైతే డిస్కు మాటే అనవసరం. అవి ఓటీటీకే వస్తాయి, మనదేశంలో డిస్కు వచ్చేది అరుదు. డ్రైవ్ కొనాల్సింది రాసి దాచుకునేవాళ్లు, పాత సీడీలూ డీవీడీలూ ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లు.

కొంటే పెట్టె విప్పిన రోజే మూడు పరీక్షలు చెయ్యండి. ఒక డీవీడీ, ఒక కంపెనీ అచ్చు వేసిన సినిమా బ్లూ-రే పెట్టి చదువుతుందేమో చూడండి. సినిమా ఆడక్కర్లేదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్లు కనపడితే చాలు. తర్వాత ఒక ఖాళీ డిస్కు నిండా రాసి వెరిఫై చెయ్యండి. డ్రైవ్‌లో బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి లేజర్ వేరు, డీవీడీకి ఎర్ర లేజర్, సీడీకి కంటికి కనపడని పరారుణ లేజర్ వేరు. డీవీడీ చక్కగా చదివి బ్లూ-రే దగ్గర నో డిస్క్ అంటుంటే నీలి లేజర్ పోయినట్టే, ఏ డ్రైవర్ మార్చినా రాదు. రాత సగం దాటాక, అంటే వేగం పెరిగి అంచు వైపు వెళ్లాక ఫెయిలైతే ముందు వేరే బ్రాండ్ డిస్కుతో, 4ఎక్స్‌లో మళ్లీ రాయండి. అప్పుడూ ఫెయిలైతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపెయ్యండి.